తనిఖీ బాబు చెప్పులు

డిటెక్టివ్ మొదటి మెట్టు మీద కాలు పెట్టాడో లేదో, గోడ అవతల ఎవరో బట్టలు బాదుతున్న చప్పుడు ఒక్కసారిగా రెట్టింపైంది. మామూలు బాదుడు కాదు, రాయి పగలాలో బట్ట చిరగాలో తేల్చుకుందామన్నంత కసిగా ఉంది. ఆయన కాలు వెనక్కి తీసుకుని గోడ చాటు నుంచి తొంగి చూశాడు. కింది వాటా ముసలమ్మ. ఆమె చేతిలో ఉన్నది ఒకే ఒక్క గుడ్డ. పక్కన బకెట్టు లేదు, సబ్బు లేదు, తీగ మీద ఆరేసిన బట్ట ఒక్కటి లేదు.

"మురికి వదలట్లేదా పెద్దమ్మా?" అన్నాడు.

"మొండి మురికి నాయనా," అంది ముసలమ్మ తల ఎత్తకుండా, ఇంకో నాలుగు బాదుతూ.

ఆయన మెట్లెక్కాడు. ఎక్కుతున్నంతసేపూ ఆ బాదుడు ఆగలేదు. మెట్ల చివర, వరండా కమ్మీకి ఆనుకుని, పోలీసు ఇన్‌స్పెక్టరు నిలబడి ఉన్నాడు. ఒకప్పుడు డిటెక్టివ్ కింద పని నేర్చుకున్నవాడే. నేర్చుకున్నది కొంచెం, నేర్చుకున్నానని చెప్పుకున్నది ఎక్కువ.

"రండి గురువుగారూ! మోకాళ్ళు సహకరిస్తున్నాయా? కష్టపడి ఇంతదూరం వచ్చారు గాని, ఇక్కడ మీరు తేల్చడానికి ఏమీ మిగల్లేదు. సాయంత్రం ఆవిడని స్టేషనుకి తీసుకెళ్తున్నా."

"సాయంత్రానికి ఇంకా టైముంది గదా అబ్బాయ్. అంతవరకు నన్ను కాస్త చూసుకోనీ."

"చూసుకోండి, నాదేం పోయింది! మొన్నటి నుంచి కింద కానిస్టేబులు కాపలా ఉన్నాడు. నేను చెప్పందే పిల్లి కూడా గేటు దాటలేదు."

మొన్న సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఆ మెట్ల కిందే తనిఖీ బాబు శవం దొరికింది. సహాయ కార్యాలయంలో ఇళ్ళు తిరిగి విచారణ చేసే ఉద్యోగం ఆయనది. నడినెత్తి మీద దెబ్బ, కాళ్ళకు చెప్పుల్లేవు. మెట్ల మీద కాలు జారిందని అందరూ అంటుంటే, ఆయన అక్క మాత్రం డిటెక్టివ్ గుమ్మం ఎక్కి, "మా తమ్ముడు పిరికివాడు బాబూ, కమ్మీ పట్టుకోకుండా ఒక్క మెట్టు దిగడు. వాడు జారి పడ్డాడంటే నేను చచ్చినా నమ్మను," అని కూలబడింది. ఇన్‌స్పెక్టరు కూడా నమ్మలేదు. కాకపోతే ఆయన అనుమానం ఎటు పోయిందంటే, తనిఖీ బాబు చివరగా వెళ్ళిన ఇంటి మీదికి పోయింది. అది టైలరమ్మ ఇల్లు.

నూలు మిల్లు మూతపడ్డాక సర్కారు ఈ వీధికి సాయం ఇస్తోంది. నెలకింత డబ్బు, ఇన్ని సరుకులు. షరతు ఒక్కటే, ఇంట్లో పని చేయగల మగాడు ఉండకూడదు. మగాడికి చేతులున్నాయా అని చూస్తారు గాని, ఆ చేతులకు పనుందా అని చూడరు. మిల్లు మూసిన నెలలోనే ఈ వరండా పొడుగునా ఉన్న పదకొండు ఇళ్ళలో పదకొండు మంది మొగుళ్ళు పెళ్ళాల్ని వదిలేసి పోయారు. అలాగని సాయం కాగితాల్లో ఉంది. ఇలాంటి అంటురోగం డిటెక్టివ్ తన సర్వీసులో ఎన్నడూ వినలేదు.

టైలరమ్మ గది మధ్యలో కుట్టుమిషను పక్కన నిలబడి ఉంది. పొట్టి మనిషి. ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి. మిషను కింద గుడ్డపేలికల మూట మీద ఆరేళ్ళ పాప కూర్చుని, వచ్చిన ఇద్దరినీ రెప్ప వేయకుండా చూస్తోంది.

"ఆ రోజు ఏం జరిగిందమ్మా?"

"మధ్యాహ్నం వచ్చాడండీ. కూర్చున్నాడు, మంచినీళ్ళు తాగాడు, అడగాల్సినవి అడిగాడు, వెళ్ళిపోయాడు. ఆ వెంటనే దబ్బుమని చప్పుడైంది. అందరం బయటికి పరిగెత్తాం. అప్పటికే ప్రాణం పోయింది." గుక్క తిప్పుకోకుండా చెప్పింది.

"చప్పుడు వినగానే పరిగెత్తారా?"

"వెంటనే అండీ."

"డాక్టరు మరోలా చెప్పాడమ్మా. పడ్డాక ఒక గంటసేపు బతికే ఉన్నాడట. మూలిగి ఉంటాడట కూడా."

టైలరమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ మిషను వైపు తిరిగింది. కింద ముసలమ్మ బాదుతూనే ఉంది. ఆ దెబ్బలకు బయటి చప్పుడేదీ గదిలోకి వినపడడం లేదు.

"చూశారా!" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "మొదటి నుంచి ఇంతే, మింగమంటే మింగదు, కక్కమంటే కక్కదు. ఈమె ఇంట్లో మొగుడున్నాడని కార్యాలయానికి ఎవరో ఉప్పందించారు. తనిఖీ బాబు సాయం కోసేస్తానని ఉంటాడు. ఈమె మెట్ల దాకా వెంటపడి ఒక్క తోపు తోసింది. ఇంతకు మించి దీంట్లో ఏముంది?"

"నేనెందుకు తోస్తానండీ! ఆయన దేవుడులాంటి మనిషి!"

"సాయం కోసే దేవుడా?"

డిటెక్టివ్ వాళ్ళిద్దరినీ వదిలేసి గది చూడసాగాడు. అద్దం గోడకు చాలా ఎత్తున వేలాడుతోంది. టైలరమ్మ మునివేళ్ళ మీద నిలబడినా అందులో ఆమె పాపిట తప్ప ఏమీ కనిపించదు. అద్దం పక్కనే, ఆ మూలకు, సరుకులు పెట్టుకునే చెక్కబల్ల ఉంది. దాని పైన, గది కప్పులో, అటకలోకి మనిషి పట్టేంత చదరపు పలక ఒకటి అమర్చి ఉంది. గదంతా సున్నం వెలిసిపోయి తెల్లగా ఉంటే, ఆ పలక అంచులు మాత్రం చేతి జిడ్డుకు నల్లగా నిగనిగలాడుతున్నాయి. రోజూ పట్టుకునే తలుపు గొళ్ళెం అలాగే ఉంటుంది.

శవం చొక్కా వీపు నిండా బూజు, పాత దూదీ అంటుకుని ఉన్నాయని డిటెక్టివ్‌కు తెలుసు. మెట్లు చూస్తే తుడిచినట్టు శుభ్రంగా ఉన్నాయి. ఆయన ఆ పలకనే చూస్తూ, మాట మాత్రం పాపతో అన్నాడు.

"ఒక్కసారి లేస్తావా బంగారం?"

పాప తల్లి వంక చూసింది. తల్లి మొహంలో నెత్తురు చుక్క లేదు. పాప లేచింది. డిటెక్టివ్ వంగి, మూట ముడి విప్పి, పేలికల మధ్య నుంచి ఒక జత చెప్పులు బయటికి తీశాడు. అరిగిపోయిన మగ చెప్పులు, కుడిదానికి తోలుముక్క అతికించి ఉంది. తమ్ముడి చెప్పులు ఎలా ఉంటాయో అక్క ముందే చెప్పింది.

ఇన్‌స్పెక్టరు పగలబడి నవ్వాడు. "మొన్నటి నుంచి నా కానిస్టేబుళ్ళు వీధంతా జల్లెడ పట్టారు ఈ చెప్పుల కోసం! చివరికి మీరే తీసి నా చేతిలో పెట్టారు. గురుదక్షిణ నేనివ్వాలి గాని, మీరిస్తే ఎలా?"

"ఆగు. చెప్పులు ఇక్కడున్నాయంటే ఆయన మెట్ల దాకా నడవలేదన్నమాట. చెప్పులు విప్పి ఎక్కడికి..."

"ఎక్కడికో ఎందుకు, ఇక్కడే తల పగలగొట్టి, మెట్ల కిందికి ఈడ్చి, చెప్పులు దాచేసింది! గురువుగారూ, మీరు సాక్ష్యం దొరికిన ప్రతిచోటా చిక్కుముడి వెతుక్కుంటారు. అందుకే మీకు ప్రమోషన్ రాలేదు."

"నువ్వు చిక్కుముడి కనబడితే కత్తెర తీస్తావు. అందుకే నీకొచ్చింది."

ఇన్‌స్పెక్టరు మొహం ఎర్రబడింది. "ఆడ కానిస్టేబుల్ని పిలుచుకొస్తా. పిల్లని అనాథల హాస్టలుకి పంపిస్తాం. మీరు ఈలోపు మంచినీళ్ళు తాగి విశ్రాంతి తీసుకోండి," అని విసవిసా వెళ్ళిపోయాడు.

టైలరమ్మ పాపను పొట్టకు కరుచుకుని నేల మీద కూలబడింది. డిటెక్టివ్ చేతిలో చెప్పులు ఇంకా అలాగే ఉన్నాయి. ఉరితాడు పేని తానే ఆమె మెడలో వేసినట్టయింది. తన మీద తనకే అసహ్యం వేసింది ఆయనకు.

"ఎందుకు దాచావమ్మా?"

"ఎక్కడ విప్పాడో చూస్తే, ఎక్కడికి ఎక్కాడో తెలిసిపోతుందని." "ఇంకేం అడక్కండి. నన్ను తీసుకెళ్ళిపోమనండి. నేనొక్కదాన్ని పోతే పోతాను. నోరు విప్పితే పదకొండు ఇళ్ళలో పొయ్యి వెలగదు."

డిటెక్టివ్ తలుపు దగ్గరగా వేసి, చెక్కబల్ల పక్కకు వచ్చి, కప్పు వంక చూస్తూ మాట్లాడాడు. అరవలేదు. పక్కనున్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"పైనున్న వాళ్ళకే చెబుతున్నా. ఆవిడ మీ అందరి కోసం ఉరికంబం ఎక్కడానికి సిద్ధపడింది. ఎక్కించే ఇన్‌స్పెక్టరు మెట్లు దిగుతున్నాడు, మళ్ళీ ఎక్కుతాడు. ఆ మధ్యనున్న టైమే మీది."

పైన ఏ చప్పుడూ లేదు. ఖాళీ అటకలో ఉండే నిశ్శబ్దం వేరు, చాలామంది ఊపిరి బిగబట్టి పడుకున్న నిశ్శబ్దం వేరు. ఇది రెండోది. ఈ వరండాలో నడిచిన ప్రతి అడుగునూ, ఈ గదిలో అన్న ప్రతి మాటనూ నెత్తి మీది చీకట్లో ఎందరో చెవులు రిక్కించి వింటున్నారు.

పలక పక్కకు జరిగింది. ముందు రెండు ఉత్తి పాదాలు, తర్వాత దూది అంటిన మోకాళ్ళు కిందికి వచ్చాయి. పొడుగాటి మనిషి. వెలుతురుకు కళ్ళు చిట్లించాడు. ఎండ మొహం చూడక చర్మం పాలిపోయి ఉంది. పాప మాత్రం ఉలిక్కిపడలేదు.

"నాన్నా," అంది మామూలుగా.

టైలరమ్మ మొగుడు చేతులు జోడించాడు. "అయ్యా, మా అందరి ఇళ్ళ మీదా అటక ఒక్కటే. మధ్యలో గోడల్లేవు. ఎవరైనా మెట్లెక్కితే ముసలమ్మ బట్టలు బాదుతుంది. మేం పైకెక్కి చీకట్లో ఒకరి వెనక ఒకరం పడుకుంటాం. ముందున్నవాడి చీలమండ వెనకున్నవాడు పట్టుకోవాలి. కదలకూడదు, దగ్గకూడదు. బాదుడు ఆగాక చివరివాడు నొక్కితే, ఆ నొక్కు ఒక్కొక్కరి మీదుగా ముందుకు వస్తుంది. అప్పుడే దిగాలి. సంవత్సరం నుంచి ఇదే మా ఉద్యోగం."

"తనిఖీ బాబుకి తెలుసా?"

"మొదటి నెల నుంచే తెలుసయ్యా. తెలిసే మెట్ల కింద నిలబడి, 'ఏం ముసలమ్మా, ఇంకా ఉన్నావా?' అని ఊరంతా వినేట్టు అరిచేవాడు. మేం ఎక్కేదాకా ఆవిడతో సరసాలాడి అప్పుడు వచ్చేవాడు. పోయేటప్పుడు మళ్ళీ ఆవిడకి చెప్పి పోయేవాడు. ఆయన చెబితేనే బాదుడు ఆపేది."

డిటెక్టివ్ చేతిలోని చెప్పులను కిందపెట్టాడు. ఎందుకో వాటిని పట్టుకుని నిలబడడం తప్పనిపించింది.

"మొన్న ఇక్కడే కూర్చుని సంతకం పెట్టబోతున్నాడు," టైలరమ్మ అందుకుంది. "పైన టక్కుమని చప్పుడైంది. బూటు చప్పుడండీ. ఆయన నవ్వి, 'ఎవరమ్మా ఆ దొరబాబు, బూట్లేసుకుని పడుకున్నాడు? రేపు మా పెద్దసారు వస్తాడు, ఈ చప్పుడు వింటే మీ అందరి పనీ అయిపోతుంది. ఉండు, నేను చెప్పొస్తా,' అని చెప్పులు విప్పి బల్లెక్కాడు. భయమేస్తోందనే అన్నాడు, నన్ను బల్ల పట్టుకోమన్నాడు."

"పైన ఏమైంది?"

మొగుడు గోడకు ఆనుకున్నాడు. "పాక్కుంటూ వచ్చాడయ్యా. 'బూట్లు విప్పెయ్ నాయనా, నీ మంచికే,' అంటున్నాడు. నా చేతిలో ఉన్న చీలమండ ఒక్క గుంజు గుంజుకుంది. మా పక్కింటి అన్నే అనుకున్నాను అంతవరకు. గుంజినప్పుడే తెలిసింది, కాలికి బూటుంది. నన్ను దాటి వెళ్ళిపోయాడు ఆ మనిషి, ఈయన బతిమాలుకుంటూ వెనకే పాకాడు. అవతల చివర మెట్ల మీదికి గాలి కోసం వదిలిన, మనిషి పట్టేంత కంత ఉంది. అక్కడ పెనుగులాట అయింది. తర్వాత పడ్డ చప్పుడు."

"అప్పుడు మీరంతా ఏం చేశారు?"

కింద ముసలమ్మ గుడ్డ రాతికి తగులుతూనే ఉంది.

"పడుకున్నాం," అన్నాడు అతను. "బాదుడు ఆగలేదు గదయ్యా. ఆయన వచ్చి చెబితే ఆపుదామని ముసలమ్మ గోడవతల బాదుతూనే ఉంది. ఆ మోతలో కిందున్న ఆడవాళ్ళకి ఏమీ వినపడలేదు. కంత పక్కనున్న మాకు వినపడింది. ఆయన మూలిగాడు. నీళ్ళడిగాడు. బాదుడు ఆగాలి, నొక్కు రావాలి, అప్పుడు దిగాలి, అదే నియమం. ఎవరం దిగలేదు. కాసేపటికి ఆయనే ఆగిపోయాడు."

అటక మీంచి ఎవరో వెక్కిన చప్పుడు వచ్చింది. వెంటనే ఎవరో ఆ నోరు మూసినట్టున్నారు. డిటెక్టివ్‌కు కోపం రావాలి, వచ్చింది కూడా. కాని ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. దిగితే పిల్లల నోటి దగ్గర కూడు పోతుందని లెక్కేసుకుని, ఒక మంచివాడి చావును పదకొండు మంది చెవులారా విన్నారు. ఆ లెక్క వాళ్ళకు నేర్పింది ఎవరు?

"పక్కింటి అన్నని తర్వాత అడిగావా?"

"అడిగాను. 'నాకు బూట్లెక్కడివి, మొదటి నెలలోనే అమ్ముకు తిన్నా,' అన్నాడు. మాలో ఎవరికీ బూట్లు లేవయ్యా. చీకట్లో ఎవడో కొత్తవాడు మా మధ్య పడుకుంటున్నాడు. పక్కింటివాడేలే అని ప్రతివాడూ అనుకున్నాం. ఎన్నాళ్ళ నుంచో తెలియదు. ఆ గొడవలోనే పారిపోయి ఉంటాడు. కాని మొన్నటి నుంచి చీకట్లో చెయ్యి చాచాలంటే ప్రాణాలు పోతున్నాయి."

డిటెక్టివ్ మనసు గబగబా పనిచేసింది. సాయం కోసం దాక్కునేవాడు ఉత్తికాళ్ళతో పడుకుంటాడు. ఏ క్షణంలోనైనా పరిగెత్తాల్సినవాడే బూట్లతో పడుకుంటాడు. వాడికి భయం తనిఖీ అంటే కాదు, పోలీసంటే.

"విను," అన్నాడు. "నీ పెళ్ళాం బతకాలంటే ఈ మాట నువ్వు ఇన్‌స్పెక్టరు ముందు చెప్పాలి. నువ్వొక్కడివే చెబితే మొగుడు కదా అని కొట్టిపారేస్తాడు. అందరూ చెప్పాలి. చెబితే మీ సాయం పోతుంది. పోదని నేను అబద్ధం చెప్పలేను."

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. "వద్దు," అంది ఆమె. "వాళ్ళ పిల్లలు..."

"నోర్ముయ్యవే," అన్నాడు అతను. తిట్టు అదే గాని గొంతులో ఏడుపుంది. తల పైకెత్తి, "అన్నా! నేను బయటికి పోతున్నా. వచ్చేవాళ్ళు రండి, రానివాళ్ళని నేనేమీ అనను," అని, తల్లి ఒడిలోని పాపను ఎత్తుకుని, తలుపు తీసుకుని వరండాలోకి నడిచాడు. సంవత్సరం తర్వాత పగటిపూట గడప దాటడం అదే మొదలు.

ఆడ కానిస్టేబులుతో పైకి వచ్చిన ఇన్‌స్పెక్టరు మెట్ల చివర బిగుసుకుపోయాడు. పక్కింటి తలుపు తెరుచుకుంది. దూది పట్టిన జుట్టుతో ఒక మనిషి బయటికి వచ్చాడు, పెళ్ళాం అతని చెయ్యి వదలకుండా వెంట వచ్చింది. తర్వాతి తలుపు. ఆ తర్వాతిది. ఒకాయన కమ్మీ పట్టుకుని నిలబడలేక నిలబడ్డాడు. ఒకావిడ వెనక్కి తిరిగి, "మీరు లోపలే ఉండండి, బయటికి రాకండి," అని పిల్లలను కసిరి తలుపు దగ్గరగా లాగింది. అన్ని ఇళ్ళ పిల్లలకూ అదే మాట చెప్పినట్టున్నారు. వరండా నిండిపోయింది. కింద బట్టల చప్పుడు దానంతటదే ఆగిపోయింది.

"ఎవరు గురువుగారూ వీళ్ళంతా?"

"వదిలేసి పోయిన మొగుళ్ళు. నీ సాక్షులు. పదకొండు మందీ ఉన్నారు."

టైలరమ్మ మొగుడు చెప్పాడు. పక్కింటాయన చెప్పాడు. ఒక్కొక్కరూ తలవంచుకుని అదే మాట చెప్పారు, అదే చోట అందరి గొంతూ ఆగింది. ఇన్‌స్పెక్టరు మొదట నవ్వబోయాడు, తర్వాత మానేశాడు. చివరికి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"దీంతో మీ అందరి సాయం పోతుంది. తెలుసా?" అన్నాడు. ఈసారి బెదిరింపు లేదు గొంతులో.

"తెలుసు సార్," అన్నాడు పక్కింటాయన. "ఒకసారి దిగకపోతే ఏమైందో చూశాం గదా."

ఇన్‌స్పెక్టరు టైలరమ్మ వంక చూసి, ఆడ కానిస్టేబుల్ని పక్కకు జరగమన్నట్టు చెయ్యి ఊపాడు. టైలరమ్మ అక్కడే వరండాలో చతికిలబడి భోరుమంది. మొగుడు చంకలోని పాపను దించి ఆమె పక్కన కూర్చున్నాడు. పాప అందరి మొహాలనూ ఒక్కటొక్కటిగా చూసి, తల్లి భుజం తట్టింది.

"అమ్మా, అందరూ దిగారు గదా. మరి బూట్ల బాబాయ్ దిగలేదేం?"

టైలరమ్మ ఏడుపు మధ్యలో ఆగిపోయింది. "ఏ బాబాయే?"

"పైన ఆ చివర ఉంటాడే, ఆయన. నువ్వు బట్టలిచ్చి రావడానికి వెళ్ళినప్పుడల్లా, నాన్న నిద్రపోతుంటే, పలక తీసి చెయ్యి చాస్తాడు. నా అన్నంలో సగం ఆయనకే పెడతాను. పొద్దున నువ్వు కింద నీళ్ళకి వెళ్ళినప్పుడు కూడా పెట్టాను."

"పొద్దునా! నాకెందుకు చెప్పలేదే!"

పాప మొహం చిన్నబోయింది. తానేం తప్పు చేసిందో దానికి అర్థం కాలేదు. "పైన ఉన్నవాళ్ళ గురించి ఎవరికీ చెప్పకూడదని నువ్వే గదమ్మా అన్నావు," అంది.

వరండాలో ఎవరూ కదల్లేదు. వాళ్ళ నెత్తి మీద బూట్లు కదిలాయి. మెల్లగా కాదు, ఇక దాక్కుని లాభం లేదని తెలిసినవాడి అడుగులు, దడదడమంటూ. ఇన్‌స్పెక్టరు చెయ్యి నడుము దగ్గరి పిస్టలు మీదికి పోయింది. డిటెక్టివ్ అప్పటికే తలుపుల వరస వంక చూస్తున్నాడు. మగవాళ్ళు దిగిన కంగారులో పలక మూసినవాళ్ళెవరూ లేరు. పదకొండు ఇళ్ళలోనూ అటక పలకలు తెరిచే ఉన్నాయి. పెద్దవాళ్ళంతా బయట ఉన్నారు. పిల్లలు లోపల ఉన్నారు.

బూట్ల చప్పుడు ఒకచోట ఆగింది. అది ఏ ఇంటి మీదో ఎవరూ పోల్చుకోలేకపోయారు.